సైప్రస్‌లోని నికోసియా నుంచి అమ్మకి

అమ్మా,

నేను బాగున్నాను. డబ్బు శుక్రవారం వేశాను. అందులో మూడు వేలు నీ మోకాలికి, వేరే దేనికీ వాడకు. పని సంగతి కొత్తగా రాయడానికేమీ లేదు. యాయాని, అదే నేను చూసుకునే ముసలమ్మని, లేపడం, స్నానం, వంట, రాత్రి మందులు, అంతే.

"బోర్డరు పక్కన నీకు పనేమిటే" అని మొన్న ఫోన్లో ఏడ్చావు. నిజమే, మా వీధి చివర ముళ్ళకంచె ఉంది. దాని వెనక ఎవరూ ఉండని పాడుబడ్డ ఇళ్ళు, ఆ వెనక టర్కీ వాళ్ళ వైపు. 1963లో ఒక ఇంగ్లీషు సైనికాధికారి గ్రీకు వాళ్ళకీ టర్కీ వాళ్ళకీ మధ్య మ్యాపు మీద పచ్చ పెన్సిలుతో గీత గీశాడట. ఇప్పటికీ గ్రీన్ లైన్ అనే అంటారు. కానీ తుపాకీ చప్పుడు నేనెప్పుడూ వినలేదమ్మా. ఇటు చర్చి గంట, అటు నమాజు పిలుపు, వినిపించేది అవే. అటువైపు పెద్ద మసీదు కూడా 1570 దాకా చర్చేనట. నేను అటు వెళ్ళను, నువ్వు టెన్షన్ పడకు.

అసలు నీకు కొండ గురించి రాద్దామని కూర్చున్నాను. వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది, పైన ఐదు వేళ్ళలా ఉంటుంది. డిగెనిస్ అనే వీరుడు సముద్రంలోంచి పైకి రావడానికి ఆ కొండని పట్టుకుంటే వేళ్ళ గుర్తులు పడ్డాయట. యాయా ఆ కథ చెబుతూ నా వేళ్ళు ఒక్కొక్కటీ మడిచింది. మన పాండవుల మెట్ట మీద భీముడి పాదమని చూపించి, అందులో నా కాలు పెట్టించేదానివి కదా. ఏడుపు ఆగలేదు.

యాయా ఇల్లు ఆ కొండకి అవతల, కిరీనియాలో. 1974 జూలైలో టర్కీ సైన్యం దిగితే తాళం వేసి వచ్చేసింది. తాళంచెవి దేవుడి పటం పక్కన మేకుకి ఉంటుంది. తుప్పు పట్టకుండా శనివారం శనివారం నాచేత నూనె రాయిస్తుంది. 2003లో దారి తెరిచినా తను వెళ్ళలేదు. నా ఇంటికి నేను పాస్‌పోర్టు చూపించి వెళ్ళాలా అంటుంది. కొండ మీద అటువాళ్ళు పెద్ద జెండా వేశారు, రాత్రి లైట్లతో వెలుగుతుంది. ఆ టైముకి నేనే కర్టెన్ వేసేస్తాను.

డిగెనిస్ అంటే రెండు జాతులకి పుట్టినవాడని అర్థమట. తల్లి గ్రీకు, తండ్రి అరబ్బు. టర్కీ వాళ్ళు కూడా ఆ కొండని వాళ్ళ భాషలో ఐదు వేళ్ళనే అంటారు, బెష్‌పర్మక్ అని. ఒకసారి యాయాతో ఈ మాట అంటే మొహం తిప్పుకుంది. ఇల్లు పోగొట్టుకున్న మనిషికి నేనేం చెప్పగలను? మళ్ళీ ఎత్తలేదు.

పాప అన్నం సరిగ్గా తింటోందా? ఎండ తగ్గాక తమ్ముడితో మెట్ట ఎక్కించు. భీముడి పాదంలో దాని కాలు పెట్టి ఫొటో తీసి పంపమను. యాయా చూస్తానంది.

నీ పెద్దమ్మాయి