రఘూ, ఆ కాగితాలు పారేయకు

ప్రియమైన రఘూ,

నీ ప్రశ్నలకు ఫోనులో జవాబు చెప్పబోతే ప్రతిసారీ మాట ఎక్కడికో వెళ్లిపోతోంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ పెళ్లి నిజమైనదేనని చూపించడానికి గ్రీన్ కార్డు దరఖాస్తుకు జతచేయాలనుకుంటూ నువ్వు పంపిన కాగితాల జాబితా చూశాను. మొదటి సగమంతా ఫోటోలే! నిశ్చితార్థం, పెళ్లి, విందు, హనీమూన్, మళ్లీ హనీమూన్. ఫోటోలు పంపాల్సిందే, కాదనను. కానీ గ్రీన్ కార్డు దరఖాస్తు చదివే అధికారికి ఫోటో అన్నిటికంటే బలహీనమైన ఆధారం. బట్టలు మార్చుకుంటూ ఒక్క మధ్యాహ్నంలో పది పండుగల ఫోటోలు ఎవరైనా తీయించుకోగలరు. నెలనెలా ఇద్దరి పేరుతో వచ్చి, నెలనెలా కట్టిన కరెంటు బిల్లును అలా పుట్టించలేరు.

ఈ ఉత్తరం మొత్తం చదివే ఓపిక లేకపోతే ఇక్కడికే ఆగిపో, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఇంతే. దరఖాస్తు కోసమే తయారైన కాగితం కంటే, వేరే ఏదో అవసరానికి పుట్టి, దారిలో మీ కాపురాన్ని కూడా చూపించే కాగితం ఎంతో బలమైనది. నువ్వు చెత్తబుట్టలో వేస్తున్నవన్నీ ఆ రెండో రకానివే.

అసలు వాళ్లు అడుగుతున్నది ఏమిటో ముందు చూద్దాం. ప్రశ్నలు రెండు. పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా అన్నది మొదటిది. ఇది సులువు. మీరు టెక్సస్‌లో కౌంటీ క్లర్కు దగ్గర లైసెన్సు తీసుకుని, 72 గంటలు ఆగి, పెళ్లి చేసుకుని, సంతకాలైన లైసెన్సును తిరిగి నమోదు చేయించారు. ఆ ధ్రువీకృత నకలు ఒకటి చాలు, రెండు మూడు తీసుకుని దాచుకో. మీ ఇద్దరిలో ఎవరికైనా అంతకుముందు పెళ్లి అయి ఉంటే ఆ విడాకుల తీర్పు కూడా కావాలి. మీకు ఆ గొడవ లేదు.

రెండో ప్రశ్నే అసలుది: ఈ పెళ్లి నిజమైనదా, కార్డు కోసం చేసుకున్నదా? ఇక్కడ చాలామంది పొరబడతారు. అధికారి కొలిచేది మీ ప్రేమను కాదు, మీ ఆస్తినీ కాదు. పెళ్లి చేసుకున్న సమయంలో కలిసి జీవితం గడపాలన్న ఉద్దేశం ఇద్దరికీ ఉందా అన్నదే కొలమానం. 1975లో బార్క్ అనే కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ మాటే చెప్పింది. ఆ దంపతులు తరువాత విడిపోయారు. అయినా విడిగా ఉండటం ఒక్కటే పెళ్లిని బూటకం చేయదని, పెళ్లినాటి ఉద్దేశం ఏమిటో చూడాలని తేల్చింది. తరువాతి నడవడి ఆ ఉద్దేశాన్ని తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. మనసులో ఉన్నదాన్ని కాగితం మీద చూపించడం ఎలా? 1983లో లారియానో కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు దారి చూపించింది: బీమాలో, ఇంటి అద్దె పత్రంలో, పన్ను రిటర్నుల్లో, బ్యాంకు ఖాతాల్లో భాగస్వామిని చేర్చుకున్నారా, పరిచయం ఎలా మొదలైంది, పెళ్లి ఎలా జరిగింది, కలిసి ఎలా ఉంటున్నారు. ఇప్పుడు ఐ-130 (నీ కోసం నీ భార్య పెట్టే పిటిషన్) సూచనల్లో కనిపించే జాబితా కూడా ఇంచుమించు ఇదే.

ఇందులో ఒక ఊరట ఉంది. నిస్సందేహంగా రుజువు చేయమని వాళ్లు అడగరు. నిజం కాకపోవడం కంటే నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. కాబట్టి భయపడి అట్టపెట్టెలు నింపకు.

ఇక నీ బెంగ దగ్గరికి వస్తాను. నువ్వు డాలస్‌లో, నీ భార్య, మా చెల్లెమ్మ కవిత హ్యూస్టన్‌లో. వైద్య రెసిడెన్సీ ముగిసేదాకా తను కదలలేదు, నీ హెచ్-1బీ ఉద్యోగం నిన్ను కదలనివ్వదు. "వేర్వేరు ఇళ్లంటే తిరస్కరిస్తారేమో" అని అడిగావు. వేర్వేరు ఊళ్లలో ఉండటం నేరం కాదు, కారణం చెప్పకపోవడం పొరపాటు. దాన్ని దాచే ప్రయత్నం అంతకంటే పెద్ద పొరపాటు. ఐ-130లోనూ, నువ్వు నింపాల్సిన ఐ-130ఏలోనూ అయిదేళ్ల చిరునామాలు అడుగుతారు. మీరిద్దరూ చివరిసారి కలిసి ఉన్న చిరునామా ఏదో, ఏ తేదీ వరకో కూడా అడుగుతారు. ఒకే ఇంట్లో ఉంటున్నామని అక్కడ రాసి, నీ జీతం కాగితంలో డాలస్, తన డ్రైవింగ్ లైసెన్సులో హ్యూస్టన్ కనిపిస్తే ఇక ఏ ఫోటో కాపాడదు.

మరి ఏం చేయాలి? ఒక పేజీ వివరణ రాయి, పేజీ దాటనివ్వకు. ఎందుకు విడిగా ఉంటున్నారు, ఎప్పటివరకు, ఆ తరువాత ఎక్కడ కలుస్తారు. దానికి తన రెసిడెన్సీ ఒప్పందం జతచెయ్యి, అందులో ముగింపు తేదీ ఉంటుంది కదా. తరువాత రాకపోకల రుజువులు. నీ టోల్ ట్యాగ్ ఖాతా తెరిచి చూడు. ఏ శుక్రవారం సాయంత్రం దక్షిణానికి బయలుదేరావో, ఏ ఆదివారం రాత్రి తిరిగొచ్చావో గంటా నిమిషాలతో సహా అక్కడ ఉంటుంది. దాన్ని రాసింది నువ్వు కాదు, ఎవరో డబ్బు వసూలు చేసుకోవడానికి రాసుకున్నారు. నా దృష్టిలో నీ దరఖాస్తులో అన్నిటికంటే మంచి కాగితం అదే. ప్రతి వారం నాలుగు గంటలు కారు నడిపి వెళ్లేవాడు కార్డు కోసం వెళ్తున్నాడని నమ్మడానికి అధికారికి చాలా కష్టపడాల్సి వస్తుంది. పెట్రోలు కొన్న కార్డు స్టేట్‌మెంట్లు, తను నీ దగ్గరికి వచ్చినప్పటి బస్సు, విమానం టికెట్లు కూడా దీని పక్కన పెట్టు. వీలైతే రెండు అద్దె పత్రాల్లోనూ ఇద్దరి పేర్లూ చేర్పించండి. ఇంటి యజమానులు సాధారణంగా నివాసిగా చేర్చడానికి అభ్యంతరం పెట్టరు.

డబ్బు సంగతి. ఉమ్మడి ఖాతా తెరిచి కొంచెం సొమ్ము వేసి వదిలేస్తే అది ఉమ్మడి ఖాతా ఉన్నట్టే కానీ ఉమ్మడి జీవితం ఉన్నట్టు కాదు. అందులోకి జీతం రావాలి, అందులోంచి అద్దె పోవాలి, కిరాణా సామాను కొనాలి. వరసగా కొన్ని నెలల స్టేట్‌మెంట్లు ఇవ్వండి. జీతాలు విడివిడి ఖాతాల్లో పడుతున్నా ఫరవాలేదు, ఇంటి ఖర్చులు మాత్రం ఒకచోట నుంచి సాగితే బాగుంటుంది. తమాషా ఏమిటంటే, టెక్సస్ చట్టం ప్రకారం పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి పేరున ఉన్నా సాధారణంగా ఇద్దరి ఉమ్మడి ఆస్తే. కానీ అధికారి ముందున్నది కాగితం. దాని మీద ఉన్నది ఒక్క పేరైతే ఆయనకు కనిపించేదీ ఒక్క పేరే.

పన్నుల దగ్గర జాగ్రత్త. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాదంతా వివాహితుల కిందే లెక్క. అలవాటు కొద్దీ అవివాహితుడని దాఖలు చేస్తే ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలకు రెండు మాటలు చెప్పినట్టు అవుతుంది. దంపతులుగా ఉమ్మడిగా దాఖలు చేసి, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర ఆ రిటర్ను ట్రాన్‌స్క్రిప్ట్ (అందులోని వివరాల పత్రం) తీసుకోండి. అది ఉచితం.

నీ 401కె (ఉద్యోగ విరమణ పొదుపు ఖాతా) సంగతి అడగలేదు కానీ చెబుతాను. చాలా ప్లాన్లలో నువ్వు ఏమీ రాయకపోయినా, నీ తదనంతరం ఆ సొమ్ము భార్యకే చెందుతుందని ఫెడరల్ చట్టం చెబుతోంది. అయినా లాగిన్ అయి కవిత పేరు లబ్ధిదారుగా నమోదు చేసి, ఆ పేజీ ముద్రించుకో. జీవిత బీమాలోనూ అంతే. చనిపోతే ఎవరికి ఇవ్వాలో రాసే చోట తన పేరు రాయడం ఎంత పెద్ద మాటో ఆలోచించు. అధికారి కూడా ఆలోచిస్తాడు. ఆరోగ్య బీమాలో ఒకరినొకరు చేర్చుకోవాలనుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. పెళ్లి తరువాత దానికి ఇచ్చే గడువు తరచూ 30 రోజులే.

ఇప్పుడు స్నేహితుల అఫిడవిట్లు. నీ జాబితాలో వీటికి అందరికీ ఒకే వాక్యంతో నమూనా కూడా తయారు చేశావు. చదివితే నవ్వొచ్చింది: "వీరిద్దరూ అన్యోన్యంగా ఉన్నారని నాకు తెలుసు." ఎలా తెలుసు? ఆరుగురు ఒకే వాక్యం కింద సంతకం పెడితే ఒక్కరు పెట్టినంత విలువ కూడా ఉండదు. రాసేవారు తమ పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మీతో సంబంధం రాయాలి. ఆపైన తమకు ఆ విషయాలు ఎలా తెలిశాయో రాయాలి. ఫలానా నెలలో వాళ్లింట్లో రాత్రి ఉన్నాను, తను డ్యూటీ నుంచి తెల్లవారి వచ్చేసరికి ఇతను వంట చేసి పెట్టాడు అని రాస్తే అది సాక్ష్యం. అక్కడా ఇక్కడా భాష తడబడినా దిద్దకు. వాళ్ల గొంతు వాళ్లదిగానే ఉండనీ. చుట్టాలు రాయకూడదన్న నియమం లేదు, కానీ పక్కింటివాళ్లు, తనతో పనిచేసేవాళ్లు రాస్తే ఇంకా బాగుంటుంది. ఎన్ని రాయించినా ఇవి మిగతా కాగితాలకు ఊతం మాత్రమే.

మీ వాట్సాప్ సంభాషణల గురించి ఒక్క మాట. అంతా ముద్రించి పంపుతానన్నావు. వద్దు బాబూ! ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువదించిన మనిషి తనకు రెండు భాషలూ వచ్చని, అనువాదం సరిగ్గా ఉందని ధ్రువీకరించాలి. మీ సరసాలన్నిటినీ ఇంగ్లీషులో పెట్టి కింద సంతకం చేసే ఆ పండితుడిని నేను మాత్రం కాదలచుకోలేదు. పరిచయమైన కొత్తలోవి కొన్ని, పెళ్లి ఏర్పాట్లప్పటివి కొన్ని, ఈ మధ్య ఇంటి బిల్లుల మీద పోట్లాడుకున్నవి కొన్ని, తేదీలు కనిపించేలా తీసుకో. పోట్లాటలు తీసేయకు. బిల్లు కట్టడం మరిచిపోయావని భార్య తిట్టిన మెసేజ్ కంటే నమ్మదగినది ఏముంది?

ఐ-864 విషయం ఇప్పుడే మాట్లాడుకోండి. అది నీ పోషణకు తాను బాధ్యురాలినంటూ కవిత సంతకం చేయాల్సిన పూచీ. ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. తన రెసిడెన్సీ జీతం సరిపోతుంది. చాలదనిపిస్తే, కార్డు వచ్చాక కూడా ఇదే ఉద్యోగంలో కొనసాగే పక్షంలో నీ జీతమూ లెక్కలోకి వస్తుంది. ఒక్క సంగతి మాత్రం తనకు ముందే చెప్పు: విడాకులైనా ఆ పూచీ రద్దు కాదు. నువ్వు పౌరుడివి అయ్యేదాకానో, 40 త్రైమాసికాల పని లెక్క పూర్తయ్యేదాకానో ఉంటుంది. నిన్ను నమ్మి సంతకం పెడుతున్న మనిషికి ఆ మాత్రం తెలియాలి. వైద్య పరీక్ష ఫారం ఐ-693 కూడా నీ గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485తో పాటే పెట్టాలి, డాక్టరు ఇచ్చిన కవరు సీలు విప్పకు.

కట్ట కట్టడంలో ఆడంబరం వద్దు. రంగుల అట్టలు, బైండర్లు, స్టేపుళ్లు పెట్టకు. అక్కడ అన్నీ స్కాన్ చేస్తారు. పైన ఒక విషయసూచిక, దాని వెనక పరిచయం నుంచి ఇప్పటివరకు కాలక్రమంలో కాగితాలు. నకళ్లు పంపి, అసలువి ఇంటర్వ్యూకి తీసుకెళ్లాలి. పంపిన కట్ట మొత్తానికీ ఒక ప్రతి నీ దగ్గర ఉండాలి. ఒకవేళ ఇంకా ఆధారాలు కావాలని నోటీసు వస్తే కంగారు పడకు, సాధారణంగా 12 వారాల దాకా గడువు ఇస్తారు. కానీ అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. కొన్ని ఇప్పుడు, కొన్ని తరువాత అంటే కుదరదు, పంపినంతవరకే చూసి తేల్చేస్తారు.

ఇంటర్వ్యూలో విడివిడిగా కూర్చోబెట్టి అడిగే పద్ధతి గురించి ఎవరో నిన్ను బాగా భయపెట్టినట్టున్నారు. స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు, 1970ల నాటి న్యూయార్క్ కేసు ఒకదాని పేరది. అనుమానం ఉన్నచోటే సాధారణంగా అలా చేస్తారు. జవాబులు బట్టీ పట్టకండి. కర్టెన్ల రంగు గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పండి. నన్నడిగితే నాకూ తెలియదు, మా ఆవిడ, అదే మీ చెల్లెలు సుధ, మార్చినా నేను గమనించను. బూటకపు పెళ్లికి అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. ఆ పైన ఇక ఏ పిటిషనూ ఆమోదం పొందదు. అందుకే వాళ్లు గుచ్చి అడుగుతారు, అడగనీ.

కార్డు వచ్చాక పెట్టె అటకెక్కించకు. ఆమోదం నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల కార్డే. 1986 చట్టం తెచ్చిన పద్ధతి అది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో, ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 పెట్టాలి, మళ్లీ ఇదే సాక్ష్యం అడుగుతారు, ఈసారి ఆ రెండేళ్లది. మేం ప్రతి నెలా వచ్చినవన్నీ ఒక ఫోల్డరులో పడేస్తూ పోయాం, ఆ దరఖాస్తు నాడు వెతుక్కునే పని లేకపోయింది. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ద్వారా చిరునామా తెలియజెయ్యి.

సుధా నేనూ చెరొక అఫిడవిట్ రాస్తాం. గత సంవత్సరం మీ ఇంట్లో ఉన్నప్పటి సంగతులు నాకు బాగా గుర్తున్నాయి, నీకు ఇబ్బందిగా ఉండేవి వదిలేస్తాలే. ఎప్పటికల్లా కావాలో చెప్పు, నోటరీ దగ్గరికి శనివారం వెళ్లాల్సి ఉంటుంది. ఆ టోల్ ట్యాగ్ ఖాతాలో పాత నెలల వివరాలు ఎంతవరకు దొరుకుతాయో ఈ రాత్రే చూడు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శ్రీను