అల్ట్రాసౌండ్‌లో కిరణాలెక్కడివి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో స్కానింగ్ మీద వేసిన వ్యాసం చూశాం. "కిరణాలు లోపలికి దూసుకెళ్లి ఫొటో తీస్తాయి" అట! పక్కనే పుర్రె ఎక్స్‌రే బొమ్మ ఒకటి. అయ్యా, అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే రేడియేషన్ ఉండదు, ఉన్నదల్లా శబ్దమే. సెకనుకు 20 వేల కంపనాలు, అంటే 20 వేల హెర్ట్జ్, దాటితే మన చెవికి వినపడదు. ఒంటికి ఆనించే ప్రోబు పంపేది సుమారు 20 లక్షల నుంచి కోటిన్నర హెర్ట్జ్. అందులోని స్ఫటికాలు కరెంటు తగిలితే కంపిస్తాయి, ప్రతిధ్వని తగిలితే కరెంటు పుట్టిస్తాయి. శరీరంలో శబ్దవేగం సెకనుకు 1540 మీటర్లని యంత్రం లెక్క. సెంటీమీటరు లోతుకు వెళ్లి రావడానికి 13 మైక్రోసెకన్లు. ఆ ఆలస్యాన్ని బట్టే తెర మీద చుక్క ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

జెల్లు "చల్లదనానికి" అని రాసిన మహానుభావుడెవరో గానీ, చర్మానికీ ప్రోబుకీ మధ్య పలచటి గాలిపొర మిగిలినా శబ్దం దాదాపు మొత్తం అక్కడే వెనక్కి తిరుగుతుంది. జెల్లు రాసేది ఆ గాలిని తప్పించడానికి. నీళ్లు తాగి రమ్మనేదీ ఊరికే కాదు. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకు నెట్టి శబ్దానికి దారిస్తుంది.

ఇక "ఖరీదైన మిషనైతే తప్పు రాదు" అన్న తీర్పు! ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, పెంచితే స్పష్టత పెరుగుతుంది, శబ్దం చేరే లోతు తగ్గుతుంది. అందుకే థైరాయిడ్‌కు 7 నుంచి 15 మెగాహెర్ట్జ్ (ఒక మెగాహెర్ట్జ్ అంటే పది లక్షల హెర్ట్జ్) ప్రోబు, పొట్టకు 2 నుంచి 5. శబ్దాన్ని ఒకచోట కేంద్రీకరించే ఫోకస్ సరైన లోతులో పెట్టకపోతే పిత్తాశయంలోని చిన్న రాయికి వెనక, దాన్ని పట్టిచ్చే నీడ పడకపోవచ్చు. అలాంటి రాయి లేదని రిపోర్టు వస్తే తప్పు మిషన్‌దా, చేతిదా?

ప్రోబు ఒక్కసారి కిందపడినా లోపలి స్ఫటికపు ముక్కలు (ఎలిమెంట్లు) కొన్ని పోవచ్చు, బొమ్మ పైభాగంలో నిలువుగా నల్లచారలు రావచ్చు. జెల్లు తుడిచి, ప్రోబు ముఖం మీద పేపర్ క్లిప్పును ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా జరిపితే తెర మీద దాని ప్రతిధ్వని కూడా వెంటే కదలాలి. మాయమైన చోట ఎలిమెంటు పోయినట్టే. నిమిషాల పని. తనిఖీకొచ్చే అధికారులకు మాత్రం రిజిస్టరూ గోడమీది బోర్డూ కనపడితే చాలు, ప్రోబు చేత్తో ముట్టుకునేవారేరీ? కొనేటప్పుడూ అంతే. తెర ఎంత పెద్దదో అడుగుతారు, మరమ్మతు ఒప్పందం ఎన్నేళ్లో అడగరు. కేబులు తెగాక మిషన్ మూలనపడుతుంది.

ఈసారి ఇలాంటి వ్యాసం అచ్చుకు పంపేముందు ప్రోబు పట్టుకునేవాళ్లలో ఒకరికైనా చూపించండి.

— ఒక రేడియాలజిస్టు