అటక మీది సామాను గురించి అక్కకి

మెల్‌బోర్న్,
డిసెంబరు 1

అక్కా,

ఇక్కడంతా క్షేమం. అమ్మకి, బావగారికి నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

పండగలోపు అటకా, చీకటిగదీ ఖాళీ చేసి సున్నాలు వేయిస్తామన్నావు, పిల్లల్ని కూడా పనిలోకి దించుతానన్నావు. దించు. సంక్రాంతి సెలవులిచ్చాక ఒక్కసారే పెట్టుకుందాం అని మాత్రం ఆగకు. అప్పటికి పిండివంటలు నెత్తిమీద ఉంటాయి, సామానంతా హాల్లో పడి ఉంటుంది, చివరికి ఏదీ తేలక మొత్తం మళ్ళీ అటకెక్కుతుంది. ఈ నెలలో ఆదివారాలు నాలుగు, క్రిస్మస్ సెలవొకటి. ఎలాగూ ధనుర్మాసంలో బూజులు దులుపుతారు కదా, ఆ పనితోనే కలిపెయ్. పొద్దున్న ఎనిమిదికి మొదలెట్టి తొమ్మిదిన్నరకి ఆపెయ్యాలి. ఏడేళ్ల పిల్ల ముప్పావుగంట దాటితే విసుక్కుంటుంది, పదకొండేళ్లవాడు ఇంకో అరగంట లాగుతాడు. పిల్లలు లేచిపోయాక పెద్దవాళ్లు చేసేదల్లా బయటికి పోవాల్సినవి ఆ పూటే బయటికి పంపడం. సాయంత్రం దాకా ఉంచావంటే సగం సామాను వెనక్కి వచ్చేస్తుంది.

కావలసిన సరంజామా పెద్దగా ఏం లేదు. తెల్ల దుప్పటి ఒకటి, ఖాళీ బియ్యం గోనెలు నాలుగు, సుద్దముక్కలు, ఒక అయస్కాంతం, టార్చి, మాస్కులు, కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా. దుప్పటి రంగుది వద్దు. తెల్లదాని మీదైతే రాలిన ముక్కుపుడక మర కూడా కనిపిస్తుంది, పాకే పురుగూ కనిపిస్తుంది. వాకిట్లో దుప్పటి పరిచి ఒక్క ట్రంకు పెట్టె దించి దాని మీద బోర్లించాలి. దుప్పటి ఖాళీ కాందే రెండో పెట్టె దించకూడదు. మొత్తం పనిలో తప్పకుండా పట్టించుకోవాల్సిన నియమం ఇదొక్కటే. అందరూ దీని దగ్గరే తప్పుతారు, బావగారు మరీను. ఉత్సాహంతో నాలుగు పెట్టెలూ ఒకేసారి దించేస్తారు, కాస్త చూసుకో.

అటక ఎక్కేది పెద్దవాళ్లే. టార్చి వేసి, కర్రతో పెట్టె పక్కలు కొట్టి, కాసేపాగి, అప్పుడు చెయ్యి పెట్టాలి. తేళ్లూ జెర్రులూ పెట్టెకింద చల్లగా పడుకుంటాయి. ఎలుక పెంటికలు కనిపిస్తే పొడి చీపురు పట్టొద్దు, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. బ్లీచింగ్ కలిపిన నీళ్లు చిలకరించి పది నిమిషాలు నాననిచ్చి తడిగుడ్డతో ఎత్తెయ్. కలరా ఉండలు కనిపిస్తే ముందు నువ్వే ఏరి డబ్బాలో వేసి మూతపెట్టు. చిన్నపిల్లలకి అవి పిప్పరమెంట్లలా కనిపిస్తాయి. మింగితే కొందరు పిల్లల్లో నెత్తురులో ఎర్రకణాలు విరిగిపోతాయి.

దుప్పటి మీద వస్తువులు పడ్డాక మొదటి ప్రశ్న "ఉంచాలా, పారెయ్యాలా" అని కాదు, "ఇది ఎవరిది" అని. సుద్దముక్క పెద్దాడి చేతికియ్యి. అమ్మదైతే అ, బావగారిదైతే బా, నీదైతే నీ, వాడిదైతే పె, చిన్నదానిదైతే చి, అందరిదీ అయితే ఇ. ఎవరి అక్షరం పడితే వాళ్లే తేల్చాలి, మిగతావాళ్లు నోరెత్తకూడదు. తగువులు వచ్చేదంతా ఇంకొకళ్ల వస్తువు గురించి మనం తీర్పు చెప్పినప్పుడే. "ఇ" పడ్డవాటికి మాత్రం పిల్లల మాట కూడా లెక్కలోకి రావాలి. లేకపోతే వాళ్లు కూలివాళ్లలా మోస్తారు, రెండో ఆదివారం కనపడరు.

స్టీలు సామానుతో మొదలుపెట్టు. పిల్లలకి అంతకంటే మంచి పని లేదు. గిన్నెల మీద, పళ్లేల అంచుల మీద చుక్కల అక్షరాలతో పేర్లు వేయించి ఉంటాయి కదా: ఎవరిచ్చారు, ఏ శుభకార్యానికి, ఏ తేదీన. తోమీ తోమీ అవి అరిగిపోయి ఉంటాయి. చిటికెడు ముగ్గుపిండి పోసి వేలితో రుద్ది, పైపైన తుడిచేస్తే చుక్కల్లో తెల్లగా నిలిచి అక్షరాలు లేస్తాయి. పళ్లేన్ని ఎండకి ఏటవాలుగా పట్టుకుంటే ఇంకా బాగా చదవొచ్చు. చిన్నది చదవాలి, పెద్దాడు నోటుబుక్కులో రాయాలి, అమ్మ ఆ పేరు ఎవరిదో చెప్పాలి. ఒక్క పూటలో మూడు తరాల చుట్టరికం కాగితం మీదికి వస్తుంది. తేల్చుకోవడం కూడా తేలికవుతుంది. పేరున్నవాటిలో ఇచ్చిన మనిషికి ఒకటో రెండో ఉంచు: మేనత్త ఇచ్చిన డజను గ్లాసుల్లో రెండు చాలు, పదీ పోవచ్చు. ఐదుగురున్న ఇంటికి పన్నెండు కంచాలు, పద్ధెనిమిది గ్లాసులు ఉంటే చుట్టాలొచ్చినా గడుస్తుంది. పెళ్లిళ్లకి పనికొస్తాయని దాచిన డేగిసాలు, గుండిగలు ఈ రోజుల్లో ఎవరూ అడగరు. వంటవాళ్లు వాళ్ల సామాను వాళ్లే తెచ్చుకుంటున్నారు.

ఇత్తడి, రాగి, కంచు అమ్మదలిస్తే మూడూ వేరువేరు గోనెల్లో కట్టు. కలిపి ఇస్తే పాతసామాన్లవాడు అన్నిటికీ తక్కువ రేటే కడతాడు. అయస్కాంతం పిల్లలకిచ్చి పట్టించు. అంటుకుంటే అది పైన పూత వేసిన ఇనుము. చిలుముపట్టి రంగు తెలీకపోతే అడుగున చింతపండుతో గీకి చూడు, ఎర్రగా తేలితే రాగి, పసుపుపచ్చగా తేలితే ఇత్తడి. కంచుని వేలిగోటితో కొడితే చాలాసేపు మోగుతుంది, కానీ కిందపడితే పగులుతుంది, కాబట్టి అది చిన్నదాని చేతికివ్వకు. బేరానికి పిలిచే ముందే మన కాటాతో తూచి బరువు గోనె మీద రాసిపెట్టు. ఆ అంకె కనిపిస్తే వాడి కాటా కూడా దారికొస్తుంది.

అమ్మ సంగతి. "ఇది ఇంకా కావాలా" అని అడిగితే అన్నిటికీ కావాలనే అంటుంది. "ఇది ఎవరికిద్దాం" అని అడుగు, ఆవిడే పేర్లు చెబుతుంది. మెత్తబడ్డ నూలు చీరలు ఐదారు కలిపితే ఒక బొంత అవుతుంది, దానికి ఇస్తుంది. పట్టుచీరల జోలికి తొందరపడి వెళ్లొద్దు. వీధిలో "పాత జరీ చీరలు కొంటాం" అని అరిచేవాడికి అసలివ్వకు. వెండి జరీయా కాదా అన్నది కంసాలికి చూపించాకే బేరం. ఉంచుకునే పట్టుచీర మడత మార్చి, ఉతికిన పాత పంచెలో చుట్టు. నాలుగు నెలలకోసారి మడత మారకపోతే ఆ గీత వెంబడే చిరుగుతుంది. కలరా ఉండ జరీకి తగలకూడదు. నేను వెళ్లే ఆప్ షాపులో, అంటే జనం ఇచ్చేసిన పాతవి అమ్మే ధర్మపు కొట్టులో, కలరా ఉండల కంపు పట్టిన బట్ట ఎంత మంచిదైనా బల్ల మీదే ఉండిపోతుంది. ఎవరికైనా ఇచ్చేముందు రెండు రోజులు నీడలో ఆరెయ్.

పిల్లల వస్తువులు వాళ్లు బడికెళ్లినప్పుడు చాటుగా పారెయ్యకు. ఒక్కసారి దొరికిపోతే ఆ తర్వాత విరిగిన పెన్సిలు ముక్క కూడా వదలరు. ఒక్కొక్కరికీ ఒక బిస్కెట్ల అట్టపెట్టె ఇచ్చి "ఇందులో పట్టినన్ని నీవి" అని చెప్పు. ఏవి పట్టించాలో వాళ్లిష్టం. తేల్చుకోలేక ఏడుపు దాకా వచ్చినవాటిని ఇంకో సంచిలో వేసి మూతికట్టి, ఆ రోజు తేదీ వేసి, "ఉగాది" అని రాయించు. ఉగాది దాకా దాన్ని ఎవరూ అడగకపోతే విప్పకుండానే ఇచ్చెయ్యొచ్చు, ఆ ఒప్పందం ముందే చెప్పాలి. పాత నోటుబుక్కులు తరగతికొకటి ఉంచి, మిగతావాటిలో తెల్ల కాగితాలు చింపి దబ్బనంతో కుట్టిస్తే రఫ్ పుస్తకాలవుతాయి. బ్యాటరీ బొమ్మలు ఇచ్చేముందు సెల్లులు తీసెయ్. తెల్లగా పొంగి కారినవుంటే చేతికి తొడుగు వేసుకుని నిమ్మరసం ముంచిన గుడ్డతో తుడవాలి, ఉత్త చేత్తో ముట్టుకోనివ్వకు.

కాగితాల దగ్గర పిల్లలకి ఒకే పని: ప్రతి పుస్తకాన్నీ దుప్పటి మీద తిరగేసి దులపడం. తేల్చే అధికారం లేదు. నాన్నకి పుస్తకాల మధ్య రసీదులు పెట్టే అలవాటు ఉండేది కాబట్టి ఒక్కటి కూడా దులపకుండా తూకానికి పోకూడదు. రద్దయిన 500, 1000 నోట్లు రాలితే ఒకటో రెండో పిల్లలు దాచుకోవచ్చు, పదికి మించి దగ్గరుంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం. 2000 నోటు అయితే మన ఊరి బ్యాంకులో తీసుకోరు, హైదరాబాదు రిజర్వు బ్యాంకుకి పోస్టులో పంపితే ఖాతాలో వేస్తారు. కాగితం షేర్లు కనిపిస్తే చిత్తని పారెయ్యకండి. 2019 ఏప్రిల్ నుంచి వాటిని అలాగే అమ్మడం కుదరదు, ముందు డీమ్యాట్ చేయించాలి, అంటే కాగితం నుంచి కంప్యూటరు ఖాతాలోకి మార్పించాలి. ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లు ఐఈపీఎఫ్ అనే కేంద్ర నిధికి వెళ్లిపోతాయి, అప్పుడు కూడా దరఖాస్తు పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.

దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (అదే ఆస్తికి అంతకు ముందరి పత్రాలు) చిరిగి ఉన్నా లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి పాత సిరా, ముద్రలు పాడవుతాయి, ఒకసారి వేశాక విప్పలేం. సెల్లోటేపు కూడా వద్దు, పదేళ్లకి పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. పాలిథిన్ కవర్లలో తేమ లోపలే ఉండిపోతుంది. మందపాటి కాగితపు కవర్లో పెట్టి బీరువా మధ్య అరలో, గోడకి తగలకుండా ఉంచు. షాపుల మెషీన్ బిల్లులు వెలిసిపోతాయి, గ్యారంటీవి ఉంటే జిరాక్సు తీయించు. తాళపత్రాల కట్ట గనక కనిపిస్తే తాడు విప్పొద్దు, నీళ్లు తగలనీయొద్దు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో చూపించాకే ఏదైనా.

ఫొటోలు ఆఖరి ఆదివారానికే. ముందే తీశారో, ఆ రోజు ఇంకో పనవదు. జిగురు పేజీల ఆల్బముల్లో ఫొటో గోటితో లాగితే మూల విరుగుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారం ఫొటో కిందికి పోనిచ్చి రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ రావాలి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయినదాన్ని లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించు, 600 డీపీఐ చాలు. వెనక పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిలే వాడాలి. బాల్‌పెన్ అచ్చు ముందువైపు ముఖాల మీద తేలుతుంది.

ఇక బయటికి పోయేవాటిలో పాదరసం థర్మామీటరు, ట్యూబులైట్లు విరక్కుండా అట్టలో చుట్టి మున్సిపాలిటీ బండిలో ప్రమాదకర చెత్త కింద వెయ్యి. కాలంచెల్లిన మందులు కాలవలో వెయ్యకండి. భోగి మంటలోకి పాత కలప వెయ్యాలని బావగారు ఉబలాటపడతారు. పిడకలు, రంగు వెయ్యని కర్ర సరే. వార్నిషు కుర్చీలు, ప్లైవుడ్డు, ఫోము దిండ్లు మాత్రం వద్దు, ఆ పొగ పక్కన పిడకల దండలు పట్టుకుని నిలబడేది మన పిల్లలే.

నా ట్రంకు పెట్టె మీద "చె" అని రాయించు. అది అమ్మా, నువ్వూ తేల్చొద్దు. దుప్పటి మీద బోర్లించి పైనుంచి రెండు ఫొటోలు తీసి పంపు. వారంలో జవాబిస్తాను. ఇవ్వకపోతే నా సామాను కూడా గోనెలో వేసెయ్, నియమం నియమమే. ఆకుపచ్చ అట్ట కవితల పుస్తకం ఒకటుంటుంది, దాన్ని మాత్రం దులిపి లోపలేముందో చదవకుండా పక్కనపెట్టు.

నీ చెల్లెలు