కయ్యలో పైపు సంగతి

నాయనా,

మొన్న నువ్వు ఫోన్లో "వరి మానేసి మామిడి పెట్టుకోండి" అనగానే మీ నాయన మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చి బయటికి పోయినాడు. నీళ్లు నిలిచే మన వరి కయ్యలో మామిడి వేర్లు కుళ్లిపోవా? 2025లో తోతాపురి మామిడి ధర ఎట్లా పడిపోయిందో నువ్వూ చూశావుగా.

2021 నవంబర్ గుర్తుందా? స్వర్ణముఖి ఏరు పొంగినప్పుడు మన సాంబ మసూరి కోతకు సిద్ధంగా ఉంది. పడిపోయిన వెన్నులకు మొలకలొస్తుంటే, లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమన్నారని ఊరగాయకు దాచుకున్న ఉప్పంతా తెచ్చి కొట్టినాము. ఏదో కొంత దక్కింది. అది 150 రోజుల పంట. అంత ఆగితే నవంబర్ వానలు నెత్తిన పడతాయి. అందుకే ఇప్పుడు 1010 అనే వరి రకం వేస్తున్నాం, 120 రోజులు. జూన్‌లో నారు పోస్తే అక్టోబర్‌లో కోత. అన్నం మసూరిలాగా లేదని మీ నాయన రెండు నెలలు అలిగాడులే.

ఇంక నీళ్లు ఆదా చేసే పైపు సంగతి. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపుకు, కడ్డీ కాల్చి కింది సగానికంతా చిల్లులు పెట్టినాను. ఆ సగాన్ని మట్టిలో దించి, లోపలి మన్ను తీసేస్తే నీళ్లు ఎంత లోతుకు దిగాయో కనబడుతుంది. పైన తడి ఆరినా, లోపల ఆరంగుళాలు దిగేదాకా మోటరు వేయనక్కర్లేదు. నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే మట్టికి గాలాడక మీథేన్ పుడుతుందట, ఎండలు ముదరడానికి అదీ ఒక కారణమట. మనం తినే అన్నం వెనక ఇంత కథ ఉందని నాకేం తెలుసు! నాకు కావాల్సింది బోరు ఎండిపోకుండా ఉండటం.

మీ నాయనకు మాత్రం పరువు సమస్య. గెనిమ మీద పోయే ప్రతివాడూ "ఏమప్పా, బోరు ఎండిపోయిందా?" అని అడుగుతాడు. ఆయన రాత్రి దొంగచాటుగా మోటరు వేసి, పొద్దున నాకేం తెలియదంటాడు. కలుపు కూడా ఎక్కువే వచ్చింది, అబద్ధమెందుకు. రెండుసార్లు కూలీలను పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు పొట్ట దశ, వెన్ను ఇంకా లోపలే ఉంది. పూత అయ్యేదాకా కయ్య ఆరకూడదు, కాబట్టి ఈ పక్షం రోజులూ ఆయన రాజ్యమే. నిన్న రాత్రి పదింటికి టార్చి వేసుకుని పోయి, పైపులోకి తొంగిచూస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి పామేమోనని వెతుకుతున్నానన్నాడు.

కోతకు రెండు రోజులు సెలవు పెట్టి రా. వచ్చేటప్పుడు మంచి టార్చి ఒకటి తీసుకురా. పాతది బురదలో పడేసుకున్నాడు.

మీ అమ్మ