వార్షిక నివేదిక: నిరాశ్రయుల ఫొటోగ్రఫీ శిక్షణ

సభ్యులందరికీ నమస్కారం.

ఇల్లు లేనివారి ఫొటోలు మనం చాలా చూశాం. వారు తీసిన ఫొటోలు చూసింది తక్కువ. ఈ ఏడాది మన సంఘం ఎక్కువ శ్రమ పెట్టింది ఇక్కడే.

ఈ దారి ఇదివరకే ఉంది. 1992లో చైనాలోని యునాన్‌లో కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ పల్లె స్త్రీల చేతికి కెమెరాలిచ్చి, తమ బతుకును వాళ్లే చూపించేలా 'ఫొటోవాయిస్' పద్ధతికి నాంది పలికారు. లండన్‌లో కెఫె ఆర్ట్ అనే సంస్థ నిరాశ్రయులకు ఒకసారి వాడే కెమెరాలు పంచి, వాళ్ల ఫొటోలతో కేలండర్లు వేసింది.

మనమూ అలాంటి ఫిల్ము కెమెరాలనే ఎంచుకున్నాం. ఛార్జింగ్ అక్కర్లేదు, పోయినా పెద్ద నష్టం లేదు. రీలుకు 27 ఫొటోలే కాబట్టి ఎవరూ తొందరపడి మీట నొక్కలేదు. అయితే వీటి ఫ్లాష్ వెలుగు సుమారు మూడు మీటర్లకు మించి సరిగా అందదు. రాత్రి బస కేంద్రంలో తీసిన తొలి ఫొటోలు చాలావరకు నల్లగా వచ్చాయి. వాటినే ముందు పరుచుకుని, ఏది ఎందుకు నల్లబడిందో తీసినవారే ఒకరికొకరు చెప్పుకున్నారు. మా పాఠాలన్నిటికంటే అదే బాగా పనిచేసింది.

ఒకాయన రీలంతా బెంచీలకే ఖర్చుపెట్టారు. ఎవరూ నడుం వాల్చకుండా మధ్యలో ఇనుప కడ్డీలు బిగించిన బెంచీలు. వాటి మీద రోజూ కూర్చునే మాకు ఆ కడ్డీలు ఎందుకున్నాయో అంతవరకు తట్టలేదు.

హక్కుల విషయంలో కమిటీ గట్టిగా నిలబడింది. ఫొటో ఎవరు తీస్తే వారిదే. ప్రదర్శనలో పెట్టడానికి, పేరు వేయడానికి, అమ్మడానికి విడివిడిగా అనుమతి తీసుకున్నాం. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నాం. ఒకామె ప్రదర్శనకు ముందు తన ఫొటో తీసేయమన్నారు, తీసేశాం, కారణం అడగలేదు. ఇంట్లో హింస తప్పించుకుని వచ్చినవారికి ఫొటోలో ముఖమే కాదు, వారున్న చోటు తెలిపే వీధి కనిపించినా ప్రమాదమే. అందుకే ఇతరుల ముఖాలున్న ప్రతి ఫొటోకూ వారి అంగీకారం అడిగాం. పేరు పక్కన 'నిరాశ్రయులు' అని రాయలేదు, 'ఫొటోగ్రాఫర్' అనే రాశాం.

అమ్మిన ప్రింట్ల డబ్బు పూర్తిగా తీసినవారికే చేరింది. చిరునామా రుజువు లేక బ్యాంకు ఖాతా తెరవలేనివారికి రసీదు రాసి చేతికిచ్చాం.

కెమెరా ఇల్లు తెచ్చిపెట్టదని మాకు తెలుసు. ఇళ్ల కోసం వినతులు వేరుగా సాగుతున్నాయి.

వచ్చే ఏడాదికి ఒక బీరువా కావాలి. ఇల్లు లేనివారికి నెగటివ్‌లు, ప్రింట్లు దాచుకునే చోటు కూడా లేదు, వాన పడితే అవి మిగలవు. ఈ ఖర్చుకు సభ్యుల ఆమోదం కోరుతున్నాం. సాయంత్రం తరగతులకు రాగలిగినవారు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.