కుబుసం విడిచిన పీతను చచ్చిందనుకున్న మీ సేవపై ఫిర్యాదు

విశాఖపట్నం

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఉప్పునీటి అక్వేరియం నిర్వహణలో మీ సిబ్బంది పొరపాటు వల్ల కలిగిన నష్టం.

అయ్యా,

మా ఇంట్లోని 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం నిర్వహణకు రెండేళ్లుగా మీ సంస్థతో వార్షిక ఒప్పందం ఉంది. ఈ నెల మొదటి వారంలో నేను ఇంట్లో లేనప్పుడు వచ్చిన మీ టెక్నీషియన్, ఇసుక మీద పడి ఉన్న ఎమరాల్డ్ క్రాబ్ కుబుసాన్ని చూసి పీత చచ్చిపోయిందని నిర్ధారించారు. నీళ్లు పాడవుతాయని మా అమ్మగారితో చెప్పి, దాన్ని తీసి పారేసి, రాళ్లన్నీ కదిపి, సగం నీళ్లు మార్చి వెళ్లారు.

అమ్మగారు దాన్ని చెత్తబుట్టలోంచి తీసి ఉంచడం వల్ల నేను చూడగలిగాను. డొప్ప వెనుక అంచున తెరుచుకుని ఉంది. లోపల కండ లేదు, నీచు వాసన లేదు, కాళ్ల కొసల వరకూ బోలుగా ఉంది, కళ్ల మీది పొర కూడా చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. మీ టెక్నీషియన్ ఒక్కసారి వేళ్లతో పట్టి చూసినా సందేహం తీరిపోయేది.

పాత పెంకు విడవనిదే పీత పెరగదు. వెనుకవైపు నుంచి బయటపడ్డాక అది నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ కొలతకే కొత్త పెంకు గట్టిపడుతుంది. అప్పటిదాకా, ఎవరైనా ముట్టుకుంటే కాళ్లు ఊడిపోయేంత మెత్తగా ఉండి, రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. పెంకుకు కావలసిన కాల్షియాన్ని చాలావరకు నీటి నుంచే తీసుకుంటుంది, విడిచిన కుబుసాన్ని తిని కొంత తిరిగి పొందుతుంది. భీమవరం వైపు మా బంధువులు రొయ్యల చెరువులు సాగుచేస్తారు. అమావాస్య, పౌర్ణమి వస్తున్నాయంటే మోల్టింగ్ (కుబుసం విడవడం) అని ముందే మినరల్స్ చల్లి, చెరువును కదపకుండా చూసుకోవడం నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును.

టెక్నీషియన్ వచ్చిన రోజు ఉదయం, నీటిలో ఉప్పు సాంద్రతను కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 ఉన్న రీడింగ్ సాయంత్రానికి 1.019కి పడిపోయింది, అంటే కొత్త నీటిలో ఉప్పు కొలవకుండానే పోశారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. ఉప్పు పలచబడితే అవీ ఆ మేరకు తగ్గిపోతాయి. మర్నాడు పొద్దున మూడు కాళ్లు ఊడిపోయి, మెత్తటి ఒంటితో పీత రాయి పక్కన చనిపోయి ఉంది. ట్యాంకు అద్దం దగ్గరికి వచ్చి నా చేతి కదలికను గమనించే జీవి అది.

ఇంత జరిగాక, “మేత సరిగా వేయనందున పీత మరణించింది” అని సర్వీసు రిపోర్టులో రాసి, అదనపు నీటి మార్పిడికి 1,800 రూపాయల బిల్లు పంపడం నన్ను మరింత బాధించింది.

ఆ రిపోర్టును సవరించి, బిల్లును రద్దుచేసి, పీత ఖరీదును చెల్లించవలసిందిగా కోరుతున్నాను. టెక్నీషియన్‌పై చర్య తీసుకోమని నేను అడగడం లేదు, ఆయనకు ఈ విషయం ఎవరూ నేర్పలేదు. ట్యాంకులో ఇంకా రెండు క్లీనర్ రొయ్యలున్నాయి, అవీ కొన్ని వారాలకోసారి కుబుసం విడుస్తాయి. కాబట్టి మీ సిబ్బందికి శిక్షణ ఇచ్చేవరకు ఎవరినీ పంపవద్దు. 15 రోజుల్లో లిఖితపూర్వక జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ఫొటోలు, బిల్లు నకలు జతపరిచాను. కుబుసం నా దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు,
మీ వార్షిక ఒప్పంద వినియోగదారు