బొమ్మల పుస్తకాలకు తాళమెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఒకటో తరగతి. పలక మీద అ నుంచి ఱ దాకా గబగబా రాసేస్తుంది, వాక్యం చదవమంటే మాత్రం నోరు పెగలదు. మొన్న సెలవుల్లో ఒక బొమ్మల పుస్తకం తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. పెరుగు తిన్న పిల్లి కథ. ఒక పేజీలో ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని రాసి ఉంది. బొమ్మలో మంచం కింద నుంచి తోక కనిపిస్తోంది. పిల్ల పగలబడి నవ్వి, ‘తాతయ్యా, అబద్ధం రాశారు!’ అంది. రాసిన మాట అర్థం కాకపోతే అది అబద్ధమని ఎలా తెలుస్తుంది? నాలుగోసారికి తనే వేలు పెట్టి చదివింది. కొంత నోటికొచ్చింది, కొంత బొమ్మ చూసి ఊహించింది, మిగతాది నిజంగానే చదివింది. మొదట్లో అంతే.

ముప్పై ఏళ్లు పంతులుగా చేశాను. పిల్లలు ఎక్కువగా తడబడేది వత్తుల దగ్గరే. ఈ నవ్వుల కథల నిండా దబ్బున, గుటుక్కున, తుర్రుమని, ఠక్కున లాంటి మాటలే. అన్నీ వత్తులే! నోటితో చప్పుడు చేస్తూ చదివే పిల్లకు బ కింద బ వత్తు ఒక అడ్డంకే కాలేదు.

బడిలో ఇలాంటి పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి, బీరువాలో. చిరిగితే స్టాకు రిజిస్టరులో ఏం రాయాలో తెలియక టీచర్లకు టెన్షన్. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, నేనూ తాళం వేసినవాణ్ణే. మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టి 2026-27 గడువు పెట్టింది. మన తెలంగాణలోనూ ఇదే లక్ష్యంతో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. ఒకటో తరగతి వరకైనా, చిరిగిన పుస్తకానికి టీచరు జవాబుదారీ కాదని విద్యాశాఖ ఒక్క కాగితం పంపిస్తే ఆ తాళాలు వాటంతటవే ఊడతాయి. కొనడానికి డబ్బుల్లేవంటారా, స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు.

ఇంకో మాట. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మా శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలకు, పేపర్లకు తప్ప చోటు లేదు. ఒక మూల చాప పరిచి, పిల్లల చేతికందే ఎత్తులో ఒక అర కేటాయించమని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచరు, ఖమ్మం